ఎడమ మడత

జనవరి 6, ఆదివారం

ఓబా గారి పాత సామాన్ల కొట్టులో ఇవాళ నాకు నిధి దొరికింది. ఇంటికొచ్చి రెండు గంటలైనా కోటు కూడా విప్పలేదు.

నేను పనిచేసే హోషియా డిపార్ట్‌మెంట్ స్టోరు కాగితం! నీలం మీద తెల్ల పడవలు. ఆ కాగితం వాడడం మానేసి పాతికేళ్లు దాటింది. లోపల వీడియో గేమ్ కేసెట్ పెట్టె, ఆ సైజు నేను కళ్లు మూసుకుని కూడా చెప్పగలను. ఎవరూ తెరవలేదు. ఎర్ర రిబ్బను గులాబీరంగుకి తిరిగింది. రిబ్బనుకి చిన్న చీటీ: "కనామెకి, నాన్న."

"ఏం అమ్మాయ్, మీ షాపు కాగితం మీ షాపు మనిషికే అమ్ముతున్నా. నన్ను మించిన వ్యాపారస్తుడు హకొదాతేలో ఉన్నాడా?" అన్నాడు ఓబా గారు. డెబ్బై నాలుగేళ్లాయన. యాభై నిండిన నన్ను అమ్మాయ్ అనేవాడు ఈ ఊళ్లో ఆయనొక్కడే.

"ఎక్కడిది?"

"సముద్రం ఒడ్డున ఓ ముసలమ్మ ఇల్లు ఖాళీ చేశారు. బొమ్మలు, కిమోనోలు, కుండలు. ఇది పూజగూటి కింద అరలో గుడ్డలో చుట్టి ఉంది. లోపల ఏముందో అని ఊపి చూశా."

ఊపాడట! నా ప్రాణం పోయినంత పనైంది.

వంటింటి తూకం మీద పెట్టాను. నూట అరవై రెండు గ్రాములు. అప్పట్లో పిల్లలందరూ ఎగబడ్డ 'ఖడ్గద్వీపం' ఆట పెట్టె నూట యాభై. కాగితం, రిబ్బను కలిపి పన్నెండు. సరిగ్గా సరిపోయింది. ఖడ్గద్వీపం, అదీ తెరవనిది, అదీ హోషియా కాగితంలో! నా ఆరువందల పదకొండు కేసెట్లూ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. తెరవను. తెరవనంతకాలం అది ఖడ్గద్వీపమే.

చివరి మడత ఎడమవైపు నుంచి వచ్చి పైన పడింది. ఎవరో విప్పి మళ్లీ చుట్టి ఉంటారు.

జనవరి 7

టేపు కదల్లేదు. ఒకే ఒక్క ముక్క, మా షాపు పద్ధతిలో. అయినా ఎవరో విప్పే ఉంటారు.

జనవరి 9, బుధవారం

ఇంకా ఇరవై రెండు రోజులు. ముప్పై ఒకటో తారీకు సాయంత్రం ఏడింటికి షట్టరు దించితే హోషియా కథ ముగిసినట్టే. కింద హాల్లో ఒక గోడ మొత్తం జనం రాసే చీటీలకి వదిలారు. "ఏడో అంతస్తులో పిల్లల భోజనం, అన్నం మీద చిన్న జెండా, నేను ఆ జెండాలు దాచుకునేదాన్ని." "మేడ మీద పది యెన్ల బిళ్ల వేస్తే ఊగే ఏనుగు బొమ్మ ఎక్కి కిందపడి పన్ను ఊడింది, ధన్యవాదాలు." పన్ను ఊడినందుకు ధన్యవాదాలేంటో! పొద్దున్నే షాపు తెరవకముందు ఆ గోడ ముందు నిలబడి చదువుతూ రియే నేనూ వెర్రివాళ్లలా నవ్వుకుంటున్నాం, ముక్కులు చీదుకుంటున్నాం.

రియే అంటే ఇతగాకి రియే, ప్యాకింగ్ కౌంటర్లో నా పక్కన నిలబడే పిల్ల. ఇరవై ఆరేళ్లు. నోటికి తాళం లేదు.

మేనేజరు గారు ఇవాళ పోస్టరు తెచ్చి మా కౌంటరు పైన కట్టించారు. ఆఖరి రోజు మూడు గంటలకి జనం ముందు నేను ప్యాకింగ్ చేసి చూపించాలట. పోస్టరు మీద నా ఫొటో, కింద పెద్ద అక్షరాలతో: "సకురబా మిత్సుయో. ముప్పై రెండేళ్లు. ఒక్క తప్పు మడత లేదు."

"అక్కా, సినిమా హీరోయిన్‌లా ఉన్నావ్. వయసైపోయిన హీరోయిన్," అంది రియే.

కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ మొదటిరోజు నేను చెప్పే మాటా అదే. పెట్టెను కాగితం మీద ఐమూలగా పెట్టు. ఒక్క తిప్పులో చుట్టు. శుభకార్యానికి కుడి మడత పైన, చావుకి ఎడమ మడత పైన. ఇంకేం మరిచినా ఇది మరవద్దు. ఈ షాపు నుంచి తప్పు మడత ఇంతవరకు బయటికి వెళ్లలేదు.

జనవరి 10

నేను మొదట చేరింది ప్యాకింగ్‌లో కాదు, ఐదో అంతస్తు బొమ్మల విభాగంలో. పద్దెనిమిదేళ్లు. అక్కడ ఒక టీవీ, దానికి ఎర్రా తెల్లా గేమ్ మిషను. బడి వదలగానే పిల్లలు వరస కట్టేవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్క ప్రాణం. అది పోతే వెనక్కి వెళ్లి నిలబడాలి. ఆ నియమం పెట్టింది షాపు కాదు, పిల్లలే. పెద్దవాడు చిన్నవాణ్ణి నెట్టబోతే వరస మొత్తం "ఏయ్!" అని అరిచేది. నేను వాళ్ల వెనక పెట్టెలు సర్దుతున్నట్టు నటిస్తూ ఆటలన్నీ చూసే నేర్చుకున్నాను. నాకు ఒక్క ప్రాణం కూడా ఆడే వీల్లేదు, యూనిఫాంలో ఉన్నాను కదా. ఇప్పుడు ఇంట్లో ఆరువందల పదకొండు ఎందుకు పోగేశావని మా చెల్లి అడుగుతుంది. ఇందుకే. దానికి చెప్పినా ఎక్కదు.

ఆరువందల పన్నెండు.

జనవరి 12, శనివారం

గోడ మీద ఇవాళ కొత్త చీటీ. మాట పోకుండా రాసుకుంటున్నాను.

"1986 డిసెంబరు. నాకు తొమ్మిదేళ్లు. గుండె ఆపరేషన్‌కని ఆసుపత్రిలో ఉన్నాను. క్రిస్మస్‌కి గేమ్ కేసెట్ తెస్తానని నాన్న మాటిచ్చాడు. ఆయన చేపల పడవ మీద పనిచేసేవాడు, తాగేవాడు. వట్టి చేతులతో వచ్చాడు. కొన్నాను, హోషియా ఐదో అంతస్తులో కొన్నాను, కానీ చావు మడత చుట్టిచ్చారు, అది చూసి మీ అవ్వ ఆసుపత్రి గుమ్మం దగ్గరే లాక్కుని తగలబెట్టింది అన్నాడు. చచ్చేదాకా అదే మాట. అవ్వనడిగితే నోరు విప్పేది కాదు. కానీ హోషియా అలాంటి తప్పు చేస్తుందా? ఊళ్లో ఎవరినడిగినా నవ్వుతారు. డబ్బులు తాగేశాడని చిన్నప్పుడే నాకు అర్థమైంది. అయినా మీ షాపంటే నాకు ఇష్టం. మీ మడతలు చూస్తూ పెరిగాను. ఇసోదా కనామె, ట్రామ్ డ్రైవరు, రెండో నంబరు."

చీటీ ఒక మూల ఊడి వేలాడుతోంది. ఎవరైనా తొక్కుతారని తీసి ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను.

జనవరి 13

ఎలాగూ ఊడిపోయేదే అది.

కనామె అనే పేరు ఈ ఊళ్లో ఎంతమందికి లేదు!

జనవరి 15, మంగళవారం

ఒకప్పుడు మా కౌంటర్లో పనిచేసిన మియురా ఎడమచేతి వాటం మనిషి. సందు దొరికితే ఎడమచేత్తో చుట్టేసేది, నేనే ఎన్నిసార్లు తిట్టానో. ఇది మియురా పనే.

జనవరి 16

మియురా చేరింది 1991లో.

జనవరి 17, గురువారం

పొద్దున సెలవు పెట్టి అటక మీద పెట్టె దింపాను. నా మొదటి ఏడాది నోటుపుస్తకం అందులోనే ఉంది, బొమ్మల విభాగంలో ఏ ఆట ఎక్కడ పెట్టాలో రాసుకున్నది. గుండ్రటి అక్షరాలు, పద్దెనిమిదేళ్ల పిల్ల రాత. దాన్ని రిబ్బను చీటీ పక్కన పెట్టాను. రెండూ ఒకటే రాత. చూడకముందే తెలుసు నాకు. ఆరో తారీకునే, ఓబా గారి కొట్టులోనే తెలుసు. కొనేవాళ్లు పేరు చెప్తే చీటీ మీద రాయాల్సింది కౌంటర్లో ఉన్న అమ్మాయే.

నేను పుట్టు ఎడమచేతి వాటం దాన్ని. బళ్లో కొట్టి కుడిచేత్తో రాయించారు, షాపులో బతిమాలి కుడిచేత్తో చుట్టించారు. మామూలు రోజుల్లో కుడిచెయ్యే పనిచేసేది. కానీ ఆ క్రిస్మస్‌కి ముందు ఆదివారం కౌంటరు ముందు మూడు వరసలు. గంటకి నలభై పెట్టెలు. చెయ్యి ఏది పైన వేస్తోందో చూసుకునే తీరిక ఎక్కడిది? కంగారులో ఎడమ చెయ్యి తన పని తను చేసుకుపోయి ఉంటుంది. ఒకటేనా, ఇంకెన్ని వెళ్లాయో. నాకు ఒక్క మొహం కూడా గుర్తు లేదు. ఆ నాన్న మొహం అసలే లేదు.

గుండె ఆపరేషన్ చేయించుకోబోయే పిల్లాడికి చావు మడత. ఆ అవ్వని ఏమనగలను? నేనైనా గుమ్మం దాటనివ్వను. తగలబెట్టానని చెప్పి, తగలబెట్టడానికి మనసు రాక పూజగూటి కింద దాచింది.

చిన్నగా సిగ్గేస్తోందని రాద్దామనుకున్నాను. చిన్నగా కాదు. చచ్చేంత సిగ్గుగా ఉంది. తప్పు మడత వేసినందుకు కాదు, పద్దెనిమిదేళ్లకి ఎవరైనా వేస్తారు. ముప్పై రెండేళ్లుగా "ఈ షాపు నుంచి తప్పు మడత వెళ్లలేదు" అని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను చూడు, అందుకు. ఆ మాట నేను చెప్పిన కొద్దీ ఎక్కడో ఒక తాగుబోతు ఇంకా పెద్ద అబద్ధాలకోరు అవుతూ వచ్చాడు.

జనవరి 19

పెట్టెను సంచిలో పెట్టుకుని రెండో నంబరు ట్రామ్ ఎక్కాను. డ్రైవరు టోపీ కింద జుట్టు నెరుస్తోంది. బోర్డు మీద పేరు ఉంది: ఇసోదా. బండి నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసుంది. రాసింది పాటించాలి కదా. దిగేశాను.

జనవరి 20

మళ్లీ ఎక్కాను. అద్దంలోంచి నన్ను చూసి తలూపాడు. రోజూ ఎక్కే మనిషి అనుకున్నాడేమో. దిగేశాను.

జనవరి 21

ఎక్కాను, దిగాను.

జనవరి 22, మంగళవారం

ఇవాళ ఎక్కలేదు. మంచు పడుతోంది.

ఒక ఆలోచన. పెట్టెను పోస్టులో పంపితే? ఎవరు పంపారో రాయకుండా. పెట్టె చేరుతుంది, నాన్న మాట నిలబడుతుంది, నా పోస్టరు చిరగదు. ఎంత తెలివి! ఇది రాశాక ఒక పది నిమిషాలు గొప్పగా అనిపించింది.

జనవరి 24, గురువారం

"అక్కా, ఆ ట్రామ్ డ్రైవరు చీటీ ఏది? పేపరాయన దాని ఫొటో అడుగుతున్నాడు," అంది రియే.

"ఏ చీటీ?"

"చావు మడత చీటీ. పన్నెండో తారీకున నువ్వు నోరు తెరుచుకుని చదివావే, అది."

చాకు కాదు, దబ్బనం ఈ పిల్ల. భోజనాల గదిలోకి లాక్కెళ్లి మొత్తం చెప్పేశాను. పెట్టె కూడా చూపించాను. రియే మడత మీద వేలు పెట్టి అంచు వెంట నడిపింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పేరు రాయకుండా పోస్టులో పంపిస్తావా? అక్కా, అతను ఏమనుకుంటాడో తెలుసా? ఎవరో జాలిపడి పాత కాగితం సంపాదించి, చావు మడత వేసి పంపారు అనుకుంటాడు. వాళ్ల నాన్న మళ్లీ అబద్ధాలకోరే అవుతాడు. నేనే చుట్టాను అని చుట్టిన మనిషి నోటితో చెప్తే తప్ప లాభం లేదు."

"పోస్టరు కట్టారు కదే."

"పోస్టరు వారం రోజుల్లో చెత్తబుట్టలోకి పోతుంది. షాపే పోతోంది. ఎవరికోసం కాపాడతావ్ ఆ పేరు?"

నాకోసమే. ఇంకెవరికోసం!

చీటీ తీసుకెళ్లి గోడకి అంటించాను. నాలుగు మూలలా టేపు.

జనవరి 28, సోమవారం

ఆఖరి స్టేజీలో ట్రామ్ ఆగి ఉంది. ఆయన మెట్టు మీద కూచుని అన్నం ముద్ద తింటున్నాడు. బండి నడవడం లేదు, నాకు సాకు లేదు.

"ఇసోదా గారూ, నేను హోషియాలో పనిచేస్తాను. మీ చీటీ చదివాను."

ఆయన ముద్ద గబగబా మింగి లేచి నిలబడ్డాడు. "అయ్యో, తప్పుగా అనుకోకండి మేడమ్. షాపుని అనడం కాదు. మా నాన్న గురించి రాద్దామని కూచుంటే అలా వచ్చేసింది."

ఇప్పుడు చెప్పాలి. "ముప్పై ఒకటిన మూడింటికి ప్యాకింగ్ కౌంటరుకి రండి," అన్నాను. "తప్పకుండా రండి."

"ఆ రోజు నాకు సెలవు. ఎలాగూ రావాలనుకున్నా," అన్నాడు. గడ్డం మీద అన్నం మెతుకు అంటుకుని ఉంది. చెప్పలేదు. అది కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి 1, శుక్రవారం, ఉదయం

షట్టరు గురించి చెల్లి ఫోన్ చేసి అడుగుతోంది. అవును, వీధి నిండా జనం. అవును, మేనేజరు గారి వెనక మేమందరం నడుం వంచి ఉండగానే షట్టరు దిగింది, బయట జనం "ఇన్నాళ్లకీ ధన్యవాదాలు" అని అరుస్తూనే ఉన్నారు, లోపల మేం నేల చూస్తూ ఏడుస్తూనే ఉన్నాం. ఇవాళ నా నడుం పట్టేసింది. అదంతా పేపర్లో వస్తుంది. నేను రాసుకోవాల్సింది మూడు గంటల సంగతి.

కౌంటరు చుట్టూ వంద మంది దాకా ఉన్నారు. మొదట బిస్కెట్ డబ్బా చుట్టాను, తర్వాత గొడుగు, తర్వాత బంతి. బంతికి చప్పట్లు కొట్టారు. ఇసోదా కనామె రెండో వరసలో టోపీ లేకుండా ఉన్నాడు. నేను కౌంటరు కింద నుంచి నీలం పెట్టె తీసి పైన పెట్టాను.

"ఇది కూడా నేను చుట్టిందే," అన్నాను. "1986 డిసెంబరులో, ఐదో అంతస్తులో. మా పద్ధతి తెలిసినవాళ్లు ఈ మడత చూడండి. ఎడమది పైన ఉంది. క్రిస్మస్ బహుమతికి చావు మడత వేశాను. నేను ఎడమచేతి వాటం దాన్ని, తొందరలో చూసుకోలేదు. ఈ పోస్టరులో రాసింది తప్పు."

మేనేజరు గారు దగ్గారు. రియే ఆయన కాలు తొక్కిందో ఏమో, ఆ దగ్గు మధ్యలోనే ఆగిపోయింది.

నేను కౌంటరు ముందుకొచ్చి ఇసోదా గారికి రెండు చేతులతో పెట్టె ఇచ్చాను. నడుం వంచాను. "మీ నాన్నగారు నిజమే చెప్పారు. ఆయన కొన్నారు. తప్పు నాది. ముప్పై రెండేళ్లు ఆలస్యమైంది, క్షమించండి."

ఆయన రిబ్బనుకున్న చీటీ చదివాడు. ఆ రెండు మాటలు చదవడానికి ఎంతసేపు పట్టిందో!

"ఇది మీ అక్షరాలా?"

"నావే. ఆయన చెప్తే రాశాను."

"ఆ రోజు తాగి ఉన్నాడా?"

తాగలేదని చెప్దామనుకున్నాను. చెప్తే ఎంత బావుండేది. కానీ నాకు గుర్తు లేదు, ఇంకో అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "మొహం గుర్తు లేదండీ. వందల మంది వచ్చారు ఆ రోజు. కానీ మూడు వరసలు, గంటన్నర నిలబడితేగాని కౌంటరు అందేది కాదు. నిలబడ్డారు."

ఆయన తలూపాడు. పెట్టె వెనక్కి ముందుకి తిప్పాడు. "తెరవొచ్చా?"

నాలో ఆరువందల పన్నెండు కేసెట్ల మనిషి ఒక్క క్షణం "వద్దు!" అని అరిచింది. పైకి మాత్రం, "మీదే కదండీ," అన్నాను.

టేపు దగ్గర గోరు పెట్టి కాగితం చిరగకుండా విప్పాడు. వంద మందీ మెడలు సాచారు. ఖడ్గద్వీపం కాదు. దాని దరిదాపుల్లో కూడా లేదు. పెట్టె మీద ఒక లావాటి మనిషి గాలం పట్టుకుని నదిలో నిలబడి ఉన్నాడు. చేపలు పట్టే ఆట! ఓబా గారి కొట్టులో బుట్టలో కలగాపులగంగా పడేసి అమ్మే రకం, నా దగ్గరే నాలుగున్నాయి.

ఇసోదా గారు దాన్ని చూశాడు. "ఖడ్గద్వీపం అడిగానే," అన్నాడు. "రోజూ అడిగానే. కాగితం మీద రాసి కూడా ఇచ్చానే." మొదట భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని రియే చేతిరుమాలు తీసింది. ఏడుపు కాదు, నవ్వు. వంగిపోయి, కౌంటరు పట్టుకుని, మాట రాకుండా నవ్వాడు. తర్వాత ఏడ్చాడు కూడా, రుమాలు వృథా పోలేదు.

కాస్త తేరుకున్నాక అక్కడే నిలబడి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడకి చెవి సరిగా వినపడదేమో, ఫోన్ స్పీకరులో పెట్టాడు. హాలంతా వినిపించింది.

"అమ్మా, నేను. హోషియాలో ఉన్నా. నాన్న కొన్నాడే. కేసెట్. నిజంగానే కొన్నాడు. నా చేతిలో ఉంది."

అవతల కెటిల్ కూత వినపడింది, ఎవరో కట్టేశారు.

"ఏం ఆటరా?" అంది ముసలావిడ.

"చేపలు పట్టేదే అమ్మా."

"ఆఁ," అందావిడ. "అయితే ఆయన కొన్నదే."